టెంకల గుంట

ఈ సంగతి ఇంతకాలం ఎందుకు రాయలేదంటే నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు. నాకు రాయడం రాదు, అంతే. పెళ్ళయి బొర్రా వచ్చి, స్టేషన్ పక్కన మా ఆయన పెట్టిన టిఫిన్ హోటల్లో పొయ్యి ముందు నిలబడిన రోజు నుంచి ఆయన పోయేదాకా నాకు తెలిసిన అక్షరం ఒక్కటీ లేదు. రైళ్ళను కూతబట్టి పోల్చుకునేదాన్ని, మందు సీసాలను మూత రంగుబట్టి. అక్షరాలు నేర్పింది మా కోడలు సుజాత. అంగన్‌వాడీలో పని దానిది. అక్కడ చిరిగిపోయిన అక్షరాల చార్టు ఒకటి ఇంటికి తెచ్చి, మసి పట్టిన వంటింటి గోడకు అంటించింది. పప్పు ఉడికేలోగా నేను ఆ బొమ్మలు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు చూసి, "నేర్చుకుంటావేటి అత్తా?" అంది. ఈ వయసులో నాకెందుకని నవ్వేశాను. అది నవ్వలేదు. ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. మొదట్లో చెయ్యి తిరిగేది కాదు. దోసె పిండి తిప్పినంత గుండ్రంగా సున్నా చుట్టమంటే, వంకర పోయేది. ఇప్పటికీ నా రాత అందంగా ఉండదు, కానీ చదివితే అర్థమవుతుంది.

రాయడం వచ్చాక కూడా దీన్ని రాద్దామని తోచలేదు. ఊరందరికీ తెలిసిన కథే కదా, మళ్ళీ నేను రాసేదేముంది అనుకున్నాను. ఊరికి తెలిసింది వేరు, జరిగింది వేరు అని నాకు తెలుసు. అయితే జరిగింది నాకు కూడా సగమే తెలుసునని మాత్రం, మొన్న మా తమ్ముడు కొత్త కొట్టు తెరిచిన రోజున తెలిసింది.

మా తమ్ముడు రమణ ముంచింగిపుట్టులో నాన్న కొట్టు పడగొట్టి, అదే చోట మూడంతస్తుల మేడ కట్టాడు. కింద సూపర్ మార్కెట్టు, పైన బట్టలు, ఆ పైన వాళ్ళ కాపురం. ప్రారంభానికి నాకు ముందు రోజే జీపు పంపాడు. గాజు తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే చల్లగాలి ముఖాన తగిలింది. వాసన మాత్రం ఏదీ తగల్లేదు. పసుపు, చింతపండు, చివరికి ఎండు చేప కూడా ప్యాకెట్లలోనే ఉన్నాయి. మరదలు అన్నీ చూపిస్తూ ముందు నడుస్తోంది. నేను వెనక నడుస్తూ, గల్లాపెట్టె ఎక్కడుండేది, అమ్మ పొయ్యి ఎక్కడుండేది అని గోడలను బట్టి లెక్క కట్టుకుంటున్నాను. చూస్తే అమ్మ పొయ్యి ఉన్న చోట ఐస్ క్రీముల పెట్టె ఉంది.

ఆ చోట ఒకప్పుడు కళ్ళు మూసుకున్నా నెల ఏదో చెప్పొచ్చు. చలి తగ్గే రోజుల్లో ఉడికించి ఎండబెట్టిన పసుపు వాసన, దాని వెనకే చింతపండు పులుపు, వానలు పడితే తడిసిన గోనెలు, అడ్డాకుల కట్టలు. సంత రోజున వీటన్నిటి మీదా ఎండు చేప వాసన, కిరసనాయిలు వాసన. కొండ ఊళ్ళవాళ్ళు తెల్లవారకముందే దిగి వచ్చేవాళ్ళు, తలల మీద చింతపండు, నూనె తీసే వలిసెలు, పిప్పళ్ళు, చీపుళ్ళు మోసుకుంటూ. పోయేటప్పుడు ఉప్పు, చేప, పొగాకు, బట్ట పట్టుకుపోయేవాళ్ళు. కొట్టు ముందుండేది, ఇల్లు వెనకుండేది. మధ్యలో గోనె సంచులు విప్పి కుట్టిన తెర. ఆ తెరకు ఇవతల అమ్మ రాజ్యం, అవతల నాన్న రాజ్యం. నేను రెండింటిలోనూ తిరిగేదాన్ని.

నాన్న బొబ్బిలి వైపు పల్లె నుంచి కొండెక్కి వచ్చిన మనిషి. పసుపు కొమ్ము విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ తర్వాత పంటి కింద నొక్కి చూసి అది ఏ ఊరి పసుపో చెప్పేవాడు. కొండవాళ్ళతో వాళ్ళ ఒరియా మాట్లాడేవాడు. కనపడ్డ ప్రతివాణ్ణీ మావా అనో బావా అనో పిలిచేవాడు. వాళ్ళూ "సావుకారూ" అంటూ అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాళ్ళు. అంత కలుపుగోలు మనిషి, పొద్దు గుంకేసరికి మారిపోయేవాడు. తలుపు గడియ వేసి, మళ్ళీ లేచి వచ్చి గడియ పట్టుకుని చూసేవాడు. "మనం ఇక్కడ చుట్టాలమే, ఇంటివాళ్ళం కాం. వాళ్ళు కొట్టుకు రావడం మానేస్తే మూట కట్టుకోవాల్సిందే" అని అమ్మతో అనేవాడు. ఆ భయం ఆయనకు ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను చూసినంతలో కొండవాళ్ళు ఎవరూ పెట్టలేదు.

అమ్మకు కొండ పడలేదు. చలికాలమంతా మంచం కింద కుంపటి ఉండాల్సిందే. పొగకు కళ్ళు ఎర్రబడేవి. నా తర్వాత కడుపులు నిలవలేదు ఆమెకు. కొండ నీళ్ళ వల్లేనని ఆమె అనుకునేది. ఎప్పుడు చూసినా చింతపండు గింజ తీస్తూనో, వలిసెలు చెరుగుతూనో ఉండేది. చేతులు సగం పసుపు, సగం నలుపు. మధ్యాహ్నం పూట పనంతా అయ్యాక మాత్రం వెనక గుమ్మంలో కూర్చుని మైదానం వైపు, అంటే ఆమె మైదానం ఉందనుకున్న వైపు, చూస్తూ ఉండేది. అక్కడ కనిపించేదీ కొండే.

నాకు ఆ ఊళ్ళో స్నేహం ఒక్కతే. పేరు సొనాయి. వాళ్ళ నాన్న దిసారి, అంటే వాళ్ళ ఊరికి మంచి రోజులు చూసి చెప్పే పెద్ద. ఏ పండుగ ఎప్పుడు చెయ్యాలో, విత్తు ఎప్పుడు వెయ్యాలో ఆయన చెప్పాలి. సొనాయి వాళ్ళమ్మ వెంట అడ్డాకులు మోసుకుని వచ్చేది. వాళ్ళమ్మ బేరం ముగించేలోగా మేమిద్దరం వెనక పెరట్లో కూర్చునేవాళ్ళం. నేను బెల్లం ముక్క పట్టుకెళ్ళేదాన్ని. అది కొంగులో నుంచి ఏదో ఒక అడవి కాయ తీసేది. ఆకులు పుల్లతో కుట్టడం నాకు నేర్పింది అదే. ఏది తినొచ్చో, ఏది ఎప్పుడు తినకూడదో కూడా అదే చెప్పేది. కొత్త పండుగ సంగతి నాకు తెలిసింది దాని వల్లే.

కొండ ఊళ్ళలో మామిడికి కొత్త చేస్తారు. దిసారి రోజు చెప్పి, ఆ ఏటి కాయ ఊరి దేవతకు పెట్టేదాకా ఎవరూ మామిడికాయ కొయ్యరు, తినరు, ఇంటికి తేరు. గాలికి రాలిన కాయను కూడా తొక్కకుండా దాటిపోతారు. సంతలో ఒక్క కాయ కనపడదు. మైదానం నుంచి వచ్చి కాపురముంటున్న మాలాంటి వాళ్ళం కూడా పాటించేవాళ్ళం, కొంత మర్యాదకు, కొంత భయానికి.

ఆ ఏడు అమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. ఏది తిన్నా కక్కేసేది. పుల్లమామిడి కావాలని నోరు విడిచి అడిగింది. అమ్మ ఏదైనా కావాలని అడగడం నేను చూసింది అప్పుడే. నాన్న కొంచెం సేపు తల గోక్కున్నాడు. సరుకు కోసం మైదానానికి పోయిన లారీలో, ఉప్పు బస్తాల కింద, అప్పుడప్పుడే టెంక కడుతున్న కాయలు తెప్పించాడు. మేం ముగ్గురం తెర ఇవతల కూర్చున్నాం. నాన్న గొంతు తగ్గించి, "ఇవి వీళ్ళ చెట్టు కాయలు కావు, మన చెట్టువి. మన చెట్టు కాయకీ వీళ్ళ పండుగకీ ఏటి సంబంధం" అన్నాడు. మాకు చెబుతున్నాడో తనకు చెప్పుకుంటున్నాడో తెలియలేదు. తప్పంతా అక్కడే ఉంది. ఆ కట్టుబాటు చెట్టుకు కాదు, ఆ నేల మీద ఉన్న మనిషికి. అంతమందితో వాళ్ళ భాషలో మాట్లాడే మనిషికి ఆ ఒక్కటి బోధపడలేదు. ముక్కలు కోసి ఉప్పూ కారం అద్ది ఇచ్చింది నేను. అమ్మ తిన్నది. నాన్న కూడా తిన్నాడు, పులుపుకు ఒక కన్ను మూసుకుంటూ. నన్నూ తినమన్నారు. నేను తినలేదు. సొనాయికి తెలిస్తే ఏమంటుందోనని తినలేదు. ఆ ఇంట్లో ఆ కాయ ముట్టని నోరు నాదొక్కటే.

తొక్కలూ టెంకలూ పెరట్లో పాతిపెట్టాం. పందులు తవ్వి, ఊటకు పోయే దారి నిండా లాక్కుపోయాయి. ఆ ఊట నీళ్ళే సొనాయి వాళ్ళ ఊరు తాగేది. అప్పటికే వాళ్ళ పిల్లల్లో కొందరికి జ్వరాలున్నాయి. సంతకు ముందు రోజు ఆ టెంకలు చూసి దిసారీ, ఇంకొందరు పెద్దలూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను తెర సందులోంచి చూశాను. ఎవరూ గొంతు పెంచలేదు. వాళ్ళ ఒరియా నాకు అంతంతమాత్రమే వచ్చు. ఏం మాట్లాడుకున్నారో తెలియలేదు. నాన్న మాత్రం చేతులు జోడించడం, తెర వైపు వేలు చూపించడం కనిపించింది. ఆ వేలు నన్నే చూపిస్తోందని అప్పుడు తెలియలేదు. వాళ్ళు లేచి వెళ్ళిపోయాక నాన్న లోపలికి వచ్చి అమ్మ ముందు కూర్చున్నాడు. కడుపుతో ఉన్న మనిషి తిన్నదంటే ఆ మాట బిడ్డ మీద పడుతుందన్నాడు. తను తిన్నానని ఒప్పుకుంటే కొట్టు మూసుకోవాలన్నాడు. అమ్మ చింతపండు ముందుకు లాక్కుని గింజ తీయడం మొదలుపెట్టింది.

సంత రోజు పొద్దున నాన్న పెరట్లో కూర్చుని, దారిలోంచి ఏరి తెచ్చిన టెంకలన్నీ కడిగి, పురికోసతో దండ గుచ్చాడు. అది నా మెడలో వేసి, కొట్టు ముందు స్తంభం దగ్గర నిలబెట్టాడు. సంతంతా వినేలా తెలుగులో ఒకసారి, ఒరియాలో ఒకసారి చెప్పాడు. నా కూతురు దొంగతనంగా తిన్నది, నా కూతురైనా సరే నేను దాచను, పెద్దల మాటకు కట్టుబడి శిక్ష వేస్తున్నాను అని. నేను ఆయన కాళ్ళ వైపు చూశాను. ముఖం చూడలేదు. అంతకు ముందు పెరట్లో నేను ఎందుకని అడిగితే, "వాళ్ళు అలా చెయ్యమన్నారమ్మా" అని మాత్రం అన్నాడు. నేను నమ్మాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడ్డాను. నవ్వినవాళ్ళు నవ్వారు. మా వీధిలో కొట్లవాళ్ళ పిల్లలు "టెంకల గుంట, టెంకల గుంట" అని చుట్టూ తిరిగారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. కాసేపటికి దిసారి వచ్చాడు. నన్ను చూశాడు, నాన్నను చూశాడు, ఏమీ కొనకుండా గిర్రున తిరిగి కొండ వైపు వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ పక్కన సొనాయి ఉంది. వాళ్ళమ్మ దాని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఇంత చేసినా వాళ్ళ కోపం తీరలేదని నేను అనుకున్నాను. పోయేటప్పుడు అది వెనక్కి తిరిగి చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ వేసవి దాటాక నన్ను బళ్ళో వేస్తామన్నారు. బడి సంత మైదానానికి అవతలుంది. ఆ మైదానం దాటి వెళ్ళనని నేను మొండికేశాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. కొట్టుకు రావడం కూడా మానేశాను. తెరకు ఇవతలే ఉండిపోయాను. సొనాయి వస్తే పెరట్లోకి వెళ్ళేదాన్ని కాదు. వెనక తలుపు కొట్టేది, పిలిచేది. నేను గడియ పట్టుకుని అవతల నిలబడేదాన్ని. వాళ్ళ నాన్నే నాకు ఆ దండ వేయించాడని నా మనసులో ఉంది. కొంతకాలానికి అది రావడం మానేసింది. నాన్న కొత్త బెల్లం దిమ్మ పగలగొట్టినప్పుడల్లా మొదటి ముక్క నా కోసం తెర మీద నుంచి చాచేవాడు. తీసుకునేదాన్ని, తినేదాన్ని కాదు. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకున్నది అంతే.

వానల్లో రమణ పుట్టాడు, నిలిచాడు. వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. వాడి మీద నాకు ఏ కోపమూ లేదు. ఆ పులుపు వాడి కోసమే అయినా లేదు. పేరు మాత్రం నన్ను వదల్లేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ చెవిన ఎవరో వేసేవాళ్ళు. చివరికి బొర్రాలో హోటలు పెట్టుకున్న రెండో పెళ్ళి సంబంధం కుదిరింది. మా ఆయన మంచివాడే. ఎప్పుడో ఒకసారి కోపంలో, హోటల్ నిండా మనుషులుండగా, "టెంకల గుంటవి, నువ్వా నాకు సెప్పేది" అన్నాడు. ఆ రోజు పూరీలు వేయిస్తూ చెయ్యి కాల్చుకున్నాను. సాయంత్రం ఆయనే వెన్న రాశాడు. ఆ మాట మళ్ళీ అనలేదు, నేను మరిచిపోనూ లేదు.

అమ్మ నా పురుళ్ళకు వచ్చింది. నాన్న పోయాక నా దగ్గర కొన్నేళ్ళు ఉంది. గుహలు చూడ్డానికి వచ్చే జనం కోసం ఆమె ఏటేటా ఆవకాయ పెట్టేది. మా హోటల్ ఆవకాయకు పేరొచ్చింది కూడా. అన్నీ మాట్లాడుకున్నాం, అది తప్ప. ఆమె అడుగుతుందేమోనని నేనూ, నేను అడుగుతానేమోనని ఆమే. ఆమె పోయాక, పదోరోజున అన్నాలు వడ్డిస్తుంటే తట్టింది నాకు. తను పెట్టిన ఆవకాయ అమ్మ ఒక్కనాడూ కంచంలో వేసుకోలేదు. అన్నేళ్ళు పక్కన కూర్చుని తిన్నాను, గమనించలేదు. గమనించి ఉంటే ఒక్క మాట అడిగేదాన్ని. ఆమె ఒక్క మాట చెప్పేది. ఇద్దరికీ తేలిక పడేది. ఇప్పుడు నేను తలుచుకునేది అదే, ఆ దండ కాదు.

ఇక మొన్నటి సంగతి. కొట్టు ముందు షామియానా వేశారు. మైకు, ప్లాస్టిక్ కుర్చీలు, పూలదండ వేసిన నాన్న ఫోటో. రమణ మైకు పట్టుకుని బాగా మాట్లాడాడు. నాన్న కష్టం గురించి చెప్పాడు. ఆ తర్వాత, "మా నాన్న న్యాయం ఎలాంటిదో మీకు ఒక సంగతి చెబుతాను" అన్నాడు. వాడు ఊరంతా చెప్పుకునేదే చెప్పాడు, నాన్న వాడికి చెప్పినట్టే. కొండ పెద్దలు వచ్చి శిక్ష వెయ్యాల్సిందే అని పట్టుబట్టారట. కన్నకూతురని చూడకుండా నాన్న వాళ్ళ మాట నెగ్గించాడట. అందుకే ఇన్నేళ్ళుగా కొండ మన కొట్టును నమ్మిందట. "ఆ కూతురే మా అప్ప. అప్పా, ఒకసారి లే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను లేచాను. అందరూ చప్పట్లు కొట్టారు. పక్క కుర్చీలో ఉన్నావిడ, "ఆ గుంట మీరేనా అండీ" అని నవ్వుతూ నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళమ్మాయి ఫోన్ ఎత్తి నన్ను వీడియో తీసింది. నేను ఆ అమ్మాయి చెప్పుల వైపు చూశాను.

జనం భోజనాలకు లేచాక వెనక వరసలోంచి ఒక ముసలామె వచ్చి నా పక్కన కూర్చుంది. ముక్కుకు పాత పోగులు, భుజం మీద కొత్త తువాలు. ముఖం పోల్చుకోలేదు గానీ, కూర్చునే తీరు పోల్చుకున్నాను. సొనాయి కాళ్ళు రెండూ ఒక పక్కకు మడిచి, కుర్చీలో కూడా నేల మీద కూర్చున్నట్టే కూర్చుంటుంది. నెమ్మదిగా, కోపంగా కాదు, అంది.

"మీ తమ్ముడు ఏటి అలగ సెప్తున్నాడు? మా అయ్య శిక్ష అడగనేదు. తిన్నోళ్ళు వచ్చి తిన్నామని సెప్పాల, దేవతకి కోడి ఇయ్యాల. అంతే. ఆ దండ మీ అయ్య ఏసినాడు. దాన్ని సూసి మా అయ్య మూడు దినాలు మీ కొట్టు ఉప్పు ముట్టనేదు. గుంటని నిలబెట్టినాడు, గుంటని నిలబెట్టినాడు అని ఒకటే అనుకున్నాడు."

అది నా వైపు తిరిగింది.

"నాను నీకాడికి ఎన్నిసార్లు వచ్చినానో ఎరుకా? తలుపు తియ్యనేదు నువ్వు. సావుకారి గుంట, మనతో ఏటి మాట్లాడుతాది, ఒగ్గేయ్ అంది మా అమ్మ. ఒగ్గేసినాను."

నేను తలుపు అవతలే ఉండేదాన్నని చెప్పాను. వాళ్ళ నాన్నే చేయించాడనుకున్నానని చెప్పాను. అది నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఇద్దరం వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఇద్దరమూ ఏమీ తినలేదు. ఒక చిన్న పొరపాటుకు ఇద్దరం ముసలివాళ్ళమైపోయాం. దానికి పిల్లలు ఎందరో, మొగుడు ఎప్పుడు పోయాడో, మోకాళ్ళు నొప్పులో, ఇవన్నీ నాకు తెలిసి ఉండాల్సినవి. అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

సాయంత్రం మేడ మీద రమణకు అంతా చెప్పాను. కాయలు ఎవరు తెప్పించారో, ఎవరు తిన్నారో, దండ ఎవరు గుచ్చారో. వాడు నమ్మకపోలేదు. అదే నాకు ఆశ్చర్యం. తల వంచుకుని విన్నాడు. తర్వాత అన్నాడు, "నాన్న పోయాడు కదప్పా. ఇప్పుడు ఆయన పరువు తీసి ఏటి లాభం? అయినా నీ గురించి ఎవరూ తప్పుగా అనుకోడం లేదు. పొద్దున చూశావు కదా, చప్పట్లు కొట్టారు."

"నేను తినలేదురా. అందుకే చెబుతున్నాను" అన్నాను.

మరదలు పాలు తెచ్చి పెట్టింది. కిందికి దిగి వస్తే కొట్టు గాజు తలుపుల్లోంచి కనపడుతున్నాయి, వరసగా పేర్చిన మామిడి రసం సీసాలు. ఇప్పుడు ఏడాది పొడుగునా అమ్ముతారు, ఏ ఊరి కొత్త అయినా కాకపోయినా. కొండ పిల్లలు సంత నుంచి పోతూ తాగుతూ పోతారు. ఎవరినీ ఎవరూ అడగరు. ఒకప్పుడు ఒక మనిషి పరువు అంత చిన్న పని మీద ఆధారపడిందని వాళ్ళకు చెబితే నవ్వుతారు. మంచిదే. కానీ ఆ రోజుల్లో తప్పు చేసినవాళ్ళు వచ్చి చెప్పుకోవడానికి ఒక చోటుండేది, ఒక కోడితో సరిపోయేది. అది మా నాన్నకు అర్థమై ఉంటే, అమ్మ పొద్దున్నే వెళ్ళి ఒక మాట చెప్పి వచ్చేది. రమణ అలాగే పుట్టేవాడు. నేను బడికి వెళ్ళేదాన్ని.

మర్నాడు పొద్దున, ఇంకా ఎవరూ లేవకముందే, ఆటో మాట్లాడుకుని సొనాయి వాళ్ళ ఊరు వెళ్ళాను. రోడ్డు ఊరిదాకా వేశారు. సొనాయి ఇంటి ముందు ఆడవాళ్ళు కాఫీ గింజలు ఏరుతున్నారు. దాని అన్న కొడుకు ఇప్పుడు దిసారి. ఫోన్ చూసుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు. వయసు మా మనవడి కంటే కొంచెం ఎక్కువ. నేను అందరి ముందూ నిలబడి, సావుకారి కూతుర్ని, ఒక మాట చెప్పుకోవడానికి వచ్చానన్నాను. కొత్తకు ముందు మామిడికాయ తిన్నది మా అమ్మ, మా నాన్న. తెప్పించింది మా నాన్న. దండ వేయమని మీ పెద్దలెవరూ అడగలేదు. నిన్న మైకులో చెప్పింది నిజం కాదు. ఇంతే చెప్పాను. చాలామందికి ఏ దండో, ఏ మామిడో తెలియదు. ఒకామె పక్కామెను అడిగింది. పక్కామె భుజాలెగరేసింది. ఇన్నేళ్ళు నేను ఎవరి ముందు తల ఎత్తలేననుకున్నానో వాళ్ళకు నేనెవరో కూడా గుర్తు లేదు. ఆ పేరును కాపాడుకుంటూ వచ్చింది మా వీధివాళ్ళు, మావాళ్ళు, నేను.

కుర్రాడు ఫోన్ పక్కన పెట్టాడు. "అంటే మీ నాయన మా తాత పేరు సెప్పి తప్పించుకున్నాడన్నమాట" అన్నాడు.

ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. నా మీద పడ్డది వాళ్ళ మీద కూడా పడింది. అవునన్నాను.

"మరి నిన్న అందరూ ఇన్నారు కదా, మామ్మా. మరేటి సేత్తావు?"

నేను ఫోన్ తీసి, అందరికీ వినపడేలా పెట్టి, రమణను పిలిచాను. వాడు సంత రోజు, కొత్త కొట్టు, తీరిక లేదన్నాడు. ఎక్కడున్నావని అడిగాడు. చెప్పాను. "నువ్వు ఇక్కడికి రావాలి. నిన్న చెప్పిన నోటితోనే వీళ్ళ ముందు జరిగింది చెప్పాలి. వచ్చేదాకా ఇక్కడే ఉంటాను" అని పెట్టేశాను. వాడు వచ్చాడా, వచ్చి ఏం చెప్పాడు అన్నది వాడు చెప్పుకోవలసిన సంగతి. నేను రాయను.

సొనాయి పక్కకు జరిగి చాట నా ముందుకు తోసింది. నల్లబడ్డ గింజలు ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు తియ్యాలని చూపించింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.